ఫోనులో కుదిరిన మాటను రికార్డు చేసి, పనికొచ్చేలా దాచుకోవడం ఎలా?

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో ఉంటున్న తెలుగువారి వ్యవహారాలు చాలావరకు సరిహద్దుకు ఆవల ఆంధ్రలో ఉన్నవారితో, అదీ ఫోనులోనే, నోటిమాటగా నడుస్తుంటాయి. పర్లాకిమిడి చుట్టుపక్కల జీడితోట ఉన్న రైతు పలాస వ్యాపారితో ధర ఫోనులోనే కుదుర్చుకుంటాడు. రాయగడలో ఇల్లు కట్టుకునేవారు పార్వతీపురం మేస్త్రీతో కూలి లెక్కలు ఫోనులోనే తేల్చుకుంటారు. గుణుపురం వైపు నుంచి దూరప్రాంతానికి దాదన్ పనికి, అంటే బయానా తీసుకుని చేసే వలస కూలికి, వెళ్ళే కుర్రవాడికి నెలకు ఎంత ముడుతుందో, ముందుగా ఇచ్చిన బయానా కింద ఎంత కోత పడుతుందో కూలీలను కుదిర్చే సర్దారు ఫోనులోనే చెబుతాడు. కాగితం రాసుకుందామంటే ఒకరికి ఒడియా చదవడం రాదు, మరొకరికి తెలుగు చదవడం రాదు, అందువల్ల ఆ పని వాయిదా పడుతూనే ఉంటుంది. తీరా డబ్బు దగ్గర తేడా వచ్చాక "నేనలా అనలేదు" అని ఒకరంటే, రెండోవారి చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చే సాధనం మీ చేతిలోని ఫోనులోనే ఉంది కనుక, దానిని సరిగా వాడుకునే పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఒక విషయం ముందే స్పష్టం చేయాలి. రికార్డింగ్ మీట నొక్కడం ఈ పనిలో తేలికైన భాగం. రికార్డవుతున్నప్పుడు మీరు ఏం మాట్లాడారు, ఏం మాట్లాడించారు అన్నదీ, తరువాత ఆ ఫైలును ఎలా దాచారు అన్నదీ అంతకంటే ముఖ్యం. అరగంట సంభాషణ రికార్డు చేసినా అందులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఏ సరుకు గురించో, ఎంత మొత్తమో వినిపించకపోతే అది ఎందుకూ కొరగాదు.

మీ ఫోనులో రికార్డింగ్ ఎక్కడుందో చూసుకోండి

ముందుగా మీ ఫోనులో కాల్స్ చేసే యాప్ ఏదో తెలుసుకోండి. ఇటీవల వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి గూగుల్ తయారుచేసిన ఫోన్ యాప్ ఉంటుంది. శామ్‌సంగ్ ఫోన్లలో సాధారణంగా ఆ కంపెనీ సొంత యాప్ ఉంటుంది. షావోమీ, రియల్‌మీ, ఒప్పో వంటి ఫోన్లలో మోడల్‌ను బట్టి, అది విడుదలైన సంవత్సరాన్ని బట్టి ఈ రెండు రకాలలో ఏదైనా ఉండవచ్చు. కాల్ చేసే తెర తెరిచి, పైమూల ఉన్న మూడు చుక్కలను నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూడండి. కాల్ రికార్డింగ్ అన్న మాట కనిపిస్తే మీ ఫోనులో ఆ సదుపాయం ఉన్నట్టే.

గూగుల్ యాప్ ఉన్న ఫోనులో అవతలివారు ఫోను ఎత్తిన తరువాత తెరమీద రికార్డ్ అనే మీట కనిపిస్తుంది. దానిని నొక్కగానే ఈ కాల్ రికార్డు అవుతోందని ఒక ప్రకటన ఇద్దరికీ వినిపిస్తుంది. ఆపినప్పుడు కూడా అలాగే మరో ప్రకటన వస్తుంది. సెట్టింగ్స్‌లో కొన్ని నంబర్లను ఎంపిక చేసి పెట్టుకుంటే, ఆ నంబర్లతో మాట్లాడిన ప్రతిసారీ రికార్డింగ్ దానంతట అదే మొదలవుతుంది. కాంటాక్ట్స్‌లో లేని నంబర్లన్నింటినీ రికార్డు చేయమని చెప్పే వీలు కూడా అక్కడే ఉంది. రికార్డింగులను కొన్నాళ్ళ తరువాత తనంతట తానే తుడిచివేసే ఏర్పాటు కూడా అదే పేజీలో ఉంటుంది. అది ఎప్పటికీ తుడిచివేయవద్దు అన్న దగ్గర ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. జీడి సొమ్ము రెండు నెలల తరువాత రావలసి ఉండగా, రికార్డింగ్ ముప్పై రోజులకే చెరిగిపోతే మీరు పడ్డ శ్రమంతా వృథా.

ఆ ప్రకటన వినిపిస్తుందన్న కారణంతో చాలామంది దానిని ఒక అడ్డంకిగా భావిస్తారు. నా దృష్టిలో అది మేలే చేస్తుంది. రికార్డు అవుతోందని తెలిసి కూడా అవతలి వ్యక్తి ధర చెప్పాడంటే, ఆ మాటకు బలం పెరుగుతుంది. పైగా చాటుగా పట్టుకున్నారన్న నింద మీ మీద పడదు. అయితే అలవాటు లేని పెద్దవాళ్ళు ఆ గొంతు విని, ఏదో మోసపు ఫోను అనుకుని పెట్టేస్తుంటారు. అందుకని ముందుగానే, "మాటలు మరిచిపోకుండా రికార్డు పెడుతున్నాను బాబూ, మధ్యలో ఒక గొంతు వినిపిస్తుంది, ఫోను పెట్టేయకండి" అని చెప్పడం మంచిది.

శామ్‌సంగ్ ఫోనులో మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో రికార్డ్ కాల్స్ అన్నచోట చూస్తే, అన్ని కాల్స్, కాంటాక్ట్స్‌లో లేని నంబర్లు, ఎంచుకున్న నంబర్లు అని మూడు దారులు కనిపిస్తాయి. ఎంచుకున్న నంబర్లు అన్నదే నేను సూచించేది, ఎందుకంటే ఇంట్లోవారితో మాట్లాడే మాటలన్నీ ఫోనులో పోగుపడటం ఎవరికీ మంచిది కాదు. ఈ ఫోన్లలో రికార్డయిన ఫైళ్ళు మై ఫైల్స్‌లో రికార్డింగ్స్ ఫోల్డరు లోపల కాల్ అనే ఫోల్డరులో చేరుతాయి.

ఐఫోను వాడేవారికి 2024 అక్టోబరులో వచ్చిన ఐఓఎస్ 18.1 నుంచి ఈ సదుపాయం వచ్చింది. కాల్ నడుస్తుండగా తెరపై ఉన్న రికార్డింగ్ మీట నొక్కితే ఇద్దరికీ ప్రకటన వినిపించి రికార్డింగ్ మొదలవుతుంది. ఫైలు నోట్స్ యాప్‌లో చేరుతుంది. మీటల ఫోను వాడేవారు కూడా నిరాశపడనక్కరలేదు, చాలా మీటల ఫోన్లలో కాల్ సెట్టింగ్స్‌లోనే ఆటో రికార్డ్ ఉంటుంది. మెమరీ కార్డు వేసుకుంటే సరిపోతుంది.

మీ ఫోనులో ఏ సదుపాయమూ లేకపోయినా, బయటి యాప్ కోసం వెతకవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇలాంటి యాప్‌లు అంగవైకల్యం ఉన్నవారి కోసం ఏర్పరచిన యాక్సెసిబిలిటీ అనుమతిని వాడుకుని కాల్స్ రికార్డు చేసేవి. 2022 మే 11 నుంచి గూగుల్ తన ప్లే స్టోరులో దానిని నిషేధించింది. ఆ తరువాత కూడా కాల్స్ రికార్డు చేస్తామంటూ వాట్సాప్‌లో ఎవరైనా పంపే ఏపీకే ఫైళ్ళను (ప్లే స్టోరుతో పనిలేకుండా యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైళ్ళను) ఎక్కించుకుంటే, మీ మెసేజీలు, ఓటీపీలు, కాంటాక్ట్స్ అన్నీ వారి చేతిలోకి వెళ్ళే ప్రమాదం ఉంది. బేరం సొమ్మును కాపాడుకోబోయి బ్యాంకు ఖాతానే పోగొట్టుకున్నట్టవుతుంది.

దీనికి సురక్షితమైన మార్గం రెండో ఫోను. ఇంట్లో ఇంకొకరి ఫోనులో వాయిస్ రికార్డర్ తెరిచి, మీ ఫోనును స్పీకరు మీద పెట్టి, రెంటినీ జానెడు దూరంలో బల్ల మీద ఉంచండి. ఫ్యాను ఆపేయండి, కిటికీ మూసేయండి, టీవీ కట్టేయండి. వాట్సాప్ కాల్స్‌కు ఫోనులోని మామూలు రికార్డింగ్ పనిచేయదు కాబట్టి వాటికి కూడా ఇదే పద్ధతి.

అసలు కాల్‌కు ముందు తమ్ముడితోనో స్నేహితుడితోనో ఒక నిమిషం మాట్లాడి, రికార్డింగులో రెండు గొంతులూ సమానంగా వినిపిస్తున్నాయో లేదో చూసుకోండి. కొన్ని ఫోన్లలో మన గొంతు గట్టిగా, అవతలి గొంతు నూతిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మనకు కావలసింది అవతలి గొంతే.

కాల్‌లో ఏం మాట్లాడాలి

ఈ భాగాన్ని నిదానంగా చదవమని కోరుతున్నాను. మన వ్యాపార సంభాషణలలో సగం మాటలు చెప్పకుండానే అర్థమైపోతాయి. "అదే రేటు", "మొన్న అనుకున్నట్టే", "ఆ సంగతి నాకు వదిలేయండి" అనుకుంటూ పోతాము. మాట్లాడుకునే ఇద్దరికీ అది తెలుసు, కానీ ఆర్నెల్ల తరువాత ఆ రికార్డింగును వినే పెద్దమనిషికి, పోలీసుకు, వకీలుకు అందులో ఏమీ అర్థం కాదు.

కాబట్టి మొదటి నిమిషంలోనే అవతలివారిని పేరు పెట్టి పలకరించండి, మీ పేరూ ఊరూ చెప్పండి, ఆ రోజు తేదీని మాటల్లో పైకి అనండి. చివరలో, ఫోను పెట్టేసే ముందు, ఒప్పుకున్న విషయాలన్నీ ఒకచోట చేర్చి మీ నోటితో మళ్ళీ చెప్పి, వారిచేత అవుననిపించండి. ఉదాహరణకు జీడిపిక్కల బేరం ఇలా ముగించవచ్చు:

"అయితే షావుకారుగారూ, ఇవాళ మే 12. మీరు మా దగ్గర 80 కిలోల బస్తాలు నలభై తీసుకుంటున్నారు. బస్తాకు 12,500 చొప్పున మొత్తం 5 లక్షలు. తూకం మా కళ్ళంలోనే, లారీ బాడుగ మీదే. సగం సొమ్ము సరుకు ఎత్తే రోజున, మిగతా సగం పదిహేను రోజుల్లో. ఇంతేనా, ఇంకేమైనా ఉందా?"

"అంతే, అంతే. గోనెసంచుల డబ్బు మాత్రం మీదే."

"సరే, సంచులు మావే. అయితే నలభై బస్తాలు, 5 లక్షలు, ఖాయమేనా?"

"ఖాయమే."

ఇక్కడ మూడు సంగతులు గమనించండి. గోనెసంచుల విషయం ఆఖరి నిమిషంలో బయటపడింది. "ఇంకేమైనా ఉందా" అని అడగకపోతే అది లెక్క చూసుకునే రోజున తగువుగా మారేది. రెండోది, బస్తా బరువు చెప్పారు. పలాస మార్కెట్టులో 80 కిలోల బస్తా లెక్క అందరికీ తెలిసిందే అయినా, వినే మూడో మనిషికి తెలియాలని లేదు. మూడోది, ఊఁ అనడంతో సరిపెట్టుకోకుండా ఖాయమే అన్న మాటను నోటితో చెప్పించారు. ఊఁ కొట్టడం వింటున్నామని చెప్పడానికే గాని, ఒప్పుకున్నామని చెప్పడానికి చాలదు.

మేస్త్రీ విషయంలో చదరపు అడుగుకు ఎంత, సిమెంటు ఎవరిది, పని ఎన్నాళ్ళలో పూర్తవుతుంది అన్నవి ఇలాగే చెప్పించండి. దాదన్ పనికి వెళ్ళేవారు సర్దారుచేత మరింత జాగ్రత్తగా మాట్లాడించాలి. పనిచేసే ఊరి పేరు, యజమాని పేరు, రోజుకు ఎన్ని గంటలు, జీతం నెలకా పని లెక్కకా, ఇచ్చిన బయానా జీతంలో ఎలా విరుగుతుంది, రైలు ఖర్చు ఎవరిది, మధ్యలో జబ్బు చేసి తిరిగి రావలసి వస్తే లెక్క ఎలా తేలుస్తారు అన్న ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని, కాల్‌లో ఒక్కొక్కటిగా అడగండి. బిడ్డను ఇంత దూరం పంపుతున్నప్పుడు ఇన్ని ప్రశ్నలు అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం పెట్టుకోకండి. జవాబు చెప్పడానికి వెనకాడే సర్దారు వెంట పంపకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మన ప్రాంతంలో ఒకే సంభాషణలో తెలుగు, ఒడియా రెండూ కలిసిపోతాయి. అది సహజమే గాని, అంకెల దగ్గర మాత్రం ఒకే భాషకు కట్టుబడండి. అవతలివారు ఒడియాలో మొత్తం చెబితే, దానినే మీరు తెలుగులో తిరిగి చెప్పి, అవునా అని అడగండి. కొండ ఊళ్ళలో సిగ్నల్ తెగి మాట మధ్యలో వినిపించకుండా పోతే, సరిగ్గా ఆ అంకె దగ్గరే మాట పోయిందేమోనని అనుమానించి మళ్ళీ చెప్పించుకోండి. కాల్ కట్ అయి మళ్ళీ చేస్తే రెండు ఫైళ్ళు తయారవుతాయి. రెండో కాల్‌లో "ఇందాక మాట్లాడుతూ ఉండగా కట్ అయింది" అని మొదలుపెడితే రెంటికీ సంబంధం తెలుస్తుంది.

మాట్లాడేటప్పుడు అవతలివారిని రెచ్చగొట్టి తిట్టించడం, అబద్ధం చెప్పి ఒప్పించడం, బెదిరించడం చేయకండి. రికార్డింగులో మీ గొంతు కూడా ఉంటుంది, దానిని వినేవారు మీ మాటలను కూడా తూకం వేస్తారు.

ఫైలును దాచే పద్ధతి

కాల్ అయిన రోజే ఆ ఫైలును ఒకసారి పూర్తిగా వినండి. విన్న తరువాత ఒక నోటుపుస్తకంలో తేదీ, సమయం, అవతలి నంబరు, ఫైలు పేరు, కుదిరిన మాట రెండు వాక్యాల్లో రాసుకోండి. గూగుల్ యాప్‌లో రికార్డయినవి మామూలు ఫోల్డర్లలో కనిపించకపోవచ్చు. రీసెంట్స్‌లో ఆ వ్యక్తి కాల్ వివరాల్లోకి వెళ్తే అక్కడ వినిపించే మీట, పక్కనే షేర్ చేసే మీట ఉంటాయి. యాప్ డేటా తుడిచినా, ఫోను ఫార్మాట్ చేసినా అవి పోయే ప్రమాదం ఉంది కనుక, వెంటనే ఒక నకలును గూగుల్ డ్రైవులోనో పెన్‌డ్రైవులోనో వేసుకోండి. చోటు గురించి భయం అక్కరలేదు. మాటల రికార్డింగు ఫోనులో పెద్దగా చోటు తీసుకోదు.

అసలు ఫైలును మాత్రం ముట్టుకోవద్దు. పేరు మార్చవద్దు, అక్కరలేని మాటలు ఉన్నాయని ముక్క కత్తిరించవద్దు, శబ్దం పెంచే యాప్‌లో పెట్టవద్దు. ఏం చేయదలచుకున్నా నకలు మీదే చేయండి. వకీలుకు వాట్సాప్‌లో పంపవలసి వస్తే ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఆ రికార్డింగ్ ఉన్న ఫోనును తగువు తేలేదాకా అమ్మవద్దు, మార్పిడికి ఇవ్వవద్దు, రిపేరు దుకాణంలో ఫార్మాట్ చేయనివ్వవద్దు.

ఇంత జాగ్రత్త ఎందుకో చట్టం చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు నకలును కోర్టు ముందు పెట్టేటప్పుడు దానితోపాటు ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఒక భాగాన్ని రికార్డును సమర్పించేవారు, రెండో భాగాన్ని నిపుణుడు పూర్తిచేస్తారు. ఫైలు హ్యాష్ విలువను కూడా అందులో రాస్తారు. హ్యాష్ అంటే ఫైలులోని ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని తయారయ్యే ఒక గుర్తు. ఒక్క సెకను కత్తిరించినా అది పూర్తిగా మారిపోతుంది. ఆ లెక్కలన్నీ వకీలు చూసుకుంటారు. మీరు చేయవలసిందల్లా అసలు ఫైలును, అసలు ఫోనును యథాతథంగా ఉంచడమే.

కాల్ జరిగినట్టు చూపించే కాల్ జాబితాకు స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకోండి. టెలికాం కంపెనీలు కాల్ వివరాలను రెండేళ్ళు భద్రపరచాలని 2021 డిసెంబరులో కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు నిబంధనలను మార్చింది. ఫిర్యాదు చేయదలిస్తే ఆ గడువులోపే చేయండి, అప్పుడు పోలీసులు ఆ వివరాలను తెప్పించి మీ రికార్డింగుతో సరిపోల్చగలరు.

ఎవరి మాటలు రికార్డు చేయవచ్చు

మీరు పాల్గొంటున్న సంభాషణను మీరు రికార్డు చేసుకోవడం వేరు, ఇతరులిద్దరూ మాట్లాడుకునేది మీరు చాటుగా రికార్డు చేయడం వేరు. మొదటిదానిని ప్రత్యేకంగా నిషేధించే చట్టం మన దేశంలో లేదు. బొంబాయి కరోనరుగా (అనుమానాస్పద మరణాలపై విచారణ జరిపే అధికారిగా) పనిచేసిన మల్కానీ మీద వచ్చిన లంచం కేసులో, ఆయనతో మాట్లాడిన డాక్టరు సమ్మతితో రికార్డు చేసిన ఫోను మాటలను సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1972లోనే తీర్పు చెప్పింది. రెండోది అలా కాదు. భార్య తన వారితో మాట్లాడే ఫోను మాటలను ఆమెకు తెలియకుండా భర్త రికార్డు చేయించడం ఆమె వ్యక్తిగత గోప్యతకు భంగమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో తేల్చి చెప్పింది. కాబట్టి కోడలి ఫోనులోనో కొడుకు ఫోనులోనో చాటుగా ఆటో రికార్డు పెట్టే ఆలోచన చేయకండి. మీ సొంత రికార్డింగునైనా ఊరి వాట్సాప్ గ్రూపులో వేయకండి. దాని పని తగువు తీర్చే చోటనే గాని, పరువు తీసే చోట కాదు.

మోసగాళ్ళ ఫోను విషయంలో ఈ పద్ధతి ఏదీ వర్తించదు. పోలీసులమనో, బ్యాంకువాళ్ళమనో చెప్పి డబ్బు అడిగేవారిని రికార్డు చేయడం కోసం లైనులో ఉంచే ప్రయత్నం చేయకండి, వెంటనే పెట్టేయండి. డబ్బు పోయి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి, ఆ తరువాతే మిగతావన్నీ.

ఇక మాట తేడా వచ్చి, రికార్డింగ్ బయటపెట్టవలసిన సందర్భమే వస్తే, మొదట అవతలివారికే వినిపించండి. చాలా తగువులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే రాతప్రతి తయారుచేసుకోండి. సరిహద్దుకు ఇవతల పోలీసు స్టేషన్లలో, కోర్టులలో వ్యవహారం ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ సాగుతుంది గనుక తెలుగు రికార్డింగును ఉన్నదున్నట్టుగా ఇచ్చి, వారే అర్థం చేసుకుంటారని అనుకోవద్దు. ముందు తెలుగులో, ఎవరు ఏమన్నారో పేర్లతో సహా ఒక్కమాట విడవకుండా రాయండి. ప్రతి ముఖ్యమైన మాట పక్కన అది ఎన్నో నిమిషంలో వస్తుందో వేయండి. తరువాత రెండు భాషలూ బాగా వచ్చిన ఒకరిచేత ఒడియాలోకి మార్పించి, తెలుగు ప్రతితో జతచేసి, ఫిర్యాదుతోపాటు ఇవ్వండి. స్టేషనులో ఫోనును స్వాధీనం చేసుకుంటామంటే, దాని మోడల్, ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) రాసిన రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి. ఆ నంబరు మీకు తెలియకపోతే ఫోనులో *#06# నొక్కితే తెరమీద కనిపిస్తుంది, ఇంటి దగ్గరే నోటుపుస్తకంలో ఎక్కించుకుని వెళ్ళండి.